యూజర్ లైసెన్సు తీసుకోవాలా, డివైస్ లైసెన్సు తీసుకోవాలా? విశాఖ సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకానగర్‌లోని అకౌంట్స్ ఆఫీసు మొదలుకొని పరవాడలోని మందుల ఫ్యాక్టరీ వరకు, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల కొటేషన్ చేతికి రాగానే యజమానులకు, అకౌంటెంట్లకు, సిస్టమ్స్ చూసుకొనేవారికి కలిగే సందేహాలు దాదాపు ఒకే రకంగా ఉంటున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, కొనుగోలు పని సాగే క్రమంలో ఇక్కడ కూర్చాము. ఏ సమాధానాన్ని విడిగా చదివినా అర్థం కావాలన్న ఉద్దేశంతో ఒకటి రెండు విషయాలు మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఉదాహరణల్లోని సిబ్బంది సంఖ్యలు లెక్క చూపడానికి వేసుకున్నవే.

## కొటేషన్ అడగకముందు

యూజర్ లైసెన్సుకూ డివైస్ లైసెన్సుకూ అసలు తేడా ఏమిటి?

యూజర్ లైసెన్సు ఒక మనిషి పేరున ఉంటుంది. ఆ మనిషి ఆఫీసు డెస్క్‌టాప్ నుంచి వాడినా, ఇంటి ల్యాప్‌టాప్ నుంచి వాడినా, ఫోను నుంచి వాడినా ఆ ఒక్కటే చాలు. డివైస్ లైసెన్సు ఒక యంత్రం పేరున ఉంటుంది. ఆ యంత్రం ముందు రోజుకు ముగ్గురు కూర్చున్నా పదిమంది కూర్చున్నా ఇంకొకటి అక్కర్లేదు, కాని వారిలో ఒకరు లేచి పక్క యంత్రానికి వెళితే ఆ పక్క యంత్రానికి కూడా లైసెన్సు ఉండి తీరాలి. కాబట్టి ఒక యంత్రాన్ని అనేకులు పంచుకొనే చోట రెండోది, ఒక మనిషి అనేక యంత్రాలు వాడే చోట మొదటిది లాభిస్తాయి. ఈ లెక్కను సంస్థ మొత్తానికి ఒకేసారి కాక విభాగం వారీగా వేయాలి. ఎక్కువ సంస్థలు అదనంగా ఖర్చు పెట్టేది ఆ పని చేయకపోవడం వల్లనే.

సర్వర్ కొన్నాం, ప్రతి సిస్టమ్‌లో విండోస్ కూడా ఒరిజినలే. మళ్లీ ఈ క్యాల్ దేనికి?

విండోస్ సర్వర్ ధరలో వచ్చేది ఆ సర్వర్‌ను నడుపుకొనే హక్కు మాత్రమే. 2016 వెర్షన్ నుంచి ఆ హక్కును ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్ముతున్నారు, ఎంత చిన్న సర్వర్ అయినా కనీసం 16 కోర్లకు కొనవలసిందే. సర్వర్‌లోని ఫైళ్లు, ప్రింటర్లు, లాగిన్లు వాడుకొనే హక్కు వేరు. దాన్నే క్లయింట్ యాక్సెస్ లైసెన్సు, వాడుకలో క్యాల్ అంటారు. డెస్క్‌టాప్‌లోని విండోస్ ఆ డెస్క్‌టాప్ పనిచేయడానికి పనికివస్తుందే గాని సర్వర్‌ను వాడుకొనే హక్కును ఇవ్వదు.

క్యాల్ అనేది ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము కాదు, కాగితం మీది హక్కు. అది లేకపోయినా సర్వర్ ఎవరినీ ఆపదు, తెరపై హెచ్చరిక కూడా రాదు. అందువల్లనే పదేళ్లుగా సర్వర్ నడుపుతూ క్యాల్ మాటే వినని ఆఫీసులు కూడా మన ఊళ్లో కనిపిస్తాయి. 25 మంది లోపు వాడే చిన్న ఆఫీసైతే విండోస్ సర్వర్‌లోనే ఎసెన్షియల్స్ అనే చిన్న ఎడిషన్ గురించి ముందుగా విచారించడం మంచిది. అందులో 25 మంది వినియోగదారుల వరకు, 50 యంత్రాల వరకు విడిగా క్యాల్ అవసరం ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చా?

ఎంచుకోలేము. విండోస్ సర్వర్ క్యాల్‌లో, దూరం నుంచి సర్వర్ తెరను తెరిచి పనిచేయడానికి కావలసిన రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్‌లో, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్‌ను సర్వర్, క్యాల్ పద్ధతిలో కొన్నప్పుడు ఈ ఎంపిక నిజంగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్ వంటివి ప్రధానంగా మనిషి లెక్కన అమ్ముడవుతాయి. అడోబి క్రియేటివ్ క్లౌడ్ ఒకరి పేరున ఉండి, ఆ మనిషికి రెండు యంత్రాల్లో యాక్టివేట్ చేసుకొనే వీలు కల్పిస్తుంది. ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఆటోడెస్క్ కూడా 2020 నుంచి, నెట్‌వర్క్‌లోని వారు పంచుకొనే లైసెన్సులను విడిచిపెట్టి పేరున్న వినియోగదారుల పద్ధతికి మారింది. యాంటీవైరస్ దాదాపు ఎప్పుడూ యంత్రం లెక్కనే వస్తుంది. ట్యాలీప్రైమ్ దారి వేరు: సిల్వర్ ఒక కంప్యూటర్‌కు, గోల్డ్ ఒకే లోకల్ నెట్‌వర్క్‌లోని అనేక కంప్యూటర్లకు.

ఒకేసారి పదిమందికి మించి వాడరు. పది లైసెన్సులు సరిపోవా?

అది కంకరెంట్ లైసెన్సింగ్ అనే మూడో పద్ధతి. కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే కొన్ని ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లలో, కొన్ని ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లలో అది ఉంది, ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. విండోస్ సర్వర్ యూజర్, డివైస్ క్యాల్‌లకు మాత్రం ఒకేసారి ఎందరు అన్న లెక్క వర్తించదు. నెలకోసారి లాగిన్ అయ్యే మనిషినైనా, వారానికోసారి తెరిచే యంత్రాన్నయినా లెక్కలోకి తీసుకోవలసిందే.

## లెక్క వేసేటప్పుడు

మాది మూడు షిఫ్టుల ఫ్యాక్టరీ. మనుషులు అరవైమంది, సిస్టమ్‌లు పద్దెనిమిదే. ఏది కొనాలి?

డివైస్ లైసెన్సు. ఇందులో పెద్ద సందేహానికి తావు లేదు: యూజర్ పద్ధతిలో 60 కొనవలసిన చోట ఇక్కడ 18కి అటూ ఇటూగా సరిపోతాయి. ఏ, బీ, సీ షిఫ్టులు నడిచే గాజువాక, పరవాడ, అచ్యుతాపురం యూనిట్లలో ఎక్కువ వాటికి ఇదే నప్పుతుంది.

అయితే ఆ 18 అనే అంకెను గోడ మీది సిస్టమ్స్ పట్టికలోంచి తీసుకోకూడదు. స్టోర్స్‌లో చేత్తో పట్టుకొని తిరిగే బార్‌కోడ్ స్కానర్లు సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంటే అవీ యంత్రాలే. స్కాన్ చేసిన కాగితాన్ని సర్వర్‌లోని ఫోల్డర్‌కు పంపే పెద్ద జెరాక్సు యంత్రాన్ని యూజర్ లైసెన్సు లేని సిబ్బంది వాడుతుంటే అదీ యంత్రమే. నాలుగు స్కానర్లు, ఒక జెరాక్సు యంత్రం ఉన్నాయనుకుంటే 18 కాస్తా 23 అవుతుంది. అప్పటికీ 60 కంటే ఎంతో తక్కువే. కాని కొటేషన్ 18కి తీసుకొని తర్వాత చేతులు తడుముకోవడం కంటే స్టోర్స్, క్యూసీ ల్యాబ్, సెక్యూరిటీ గేటు స్వయంగా తిరిగి చూసి రాసుకోవడం మేలు. గేటు దగ్గరి కంప్యూటర్‌ను దాదాపు అందరూ మరచిపోతారు.

మా వాళ్లు పోర్టుకీ ఆఫీసుకీ తిరుగుతూ ల్యాప్‌టాప్‌లో, ఫోన్లో, ట్యాబ్‌లో చూసుకుంటారు. మాకు ఏది?

యూజర్ లైసెన్సు. కస్టమ్స్ క్లియరెన్సు, షిప్పింగ్ ఏజెన్సీ, వైద్య పరికరాల అమ్మకం వంటి పనుల్లో పన్నెండు మంది మనుషులకు ముప్పైకి పైగా యంత్రాలు ఉండడం మామూలే. మనిషి లెక్కన 12తో పని తీరిపోతుంది, ఫోను మార్చిన ప్రతిసారీ జాబితా సవరించే బాధా ఉండదు.

ఒక మనిషికి ఒకే సిస్టమ్ ఉంది. ఏది కొన్నా ఒకటే కదా?

సంఖ్య ఒకటే, ధర ఒకటి కాదు. మైక్రోసాఫ్ట్ 2012 డిసెంబరులో యూజర్ క్యాల్ ధరను 15 శాతం పెంచింది. అప్పటినుంచి డివైస్ క్యాల్ కంటే అది కాస్త ఖరీదుగానే ఉంటోంది. ఆ 15 శాతమే తేడా అనుకుంటే, 40 మంది ఉన్న ఆఫీసులో యంత్రాలు 46కు చేరే వరకు డివైస్ పద్ధతి చవక, 46 దగ్గర రెండూ సమానం, ఆపైన యూజర్ పద్ధతి చవక. మీ డీలర్ ఇచ్చిన రెండు ధరలతో ఈ భాగహారం మీరే చేసుకోవచ్చు.

అయినా మనిషికొక యంత్రం ఉన్న ఆఫీసుకు యూజర్ లైసెన్సునే సూచిస్తాము. యంత్రాల సంఖ్య పెరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేనేజరు ఒక ట్యాబ్ కొనుక్కొని దాంట్లో ఆఫీసు ఫోల్డర్ తెరిస్తే చాలు, డివైస్ లెక్క తప్పుతుంది. మనుషుల సంఖ్య అలా తెలియకుండా పెరగదు, జీతాల పట్టికే దానికి సాక్ష్యం.

ఆసుపత్రిలో నర్సులు సిస్టమ్‌లు పంచుకుంటారు, డాక్టర్లకు సొంత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. రెండు రకాలూ కలిపి కొనొచ్చా?

కొనవచ్చు, చాలా సందర్భాల్లో అదే సరైన పద్ధతి. నియమం ఒక్కటే: సర్వర్‌ను వాడిన ప్రతి సందర్భంలోనూ మనిషికిగాని యంత్రానికిగాని ఏదో ఒకదానికి లైసెన్సు ఉండాలి. రెండింటికీ ఉండనవసరం లేదు.

ఆరిలోవ హెల్త్ సిటీలో ఒక మధ్యతరహా ఆసుపత్రి ఉందనుకుందాం. మూడు షిఫ్టుల్లో కలిపి 90 మంది నర్సులు 22 కంప్యూటర్లు పంచుకుంటారు. 14 మంది డాక్టర్లకు తలా ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను ఉన్నాయి, రౌండ్లకు వెళ్లినప్పుడు నర్సుల కంప్యూటర్లలోనూ చూస్తారు. బిల్లింగ్, అకౌంట్స్ విభాగాల్లో 10 మందికి 10 డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అందరికీ యూజర్ అంటే 114 కావాలి. అన్నిటికీ డివైస్ అంటే 22, 28, 10 కలిసి 60 కావాలి. నర్సుల కంప్యూటర్లకు 22 డివైస్, డాక్టర్లకు 14 యూజర్, ఆఫీసుకు ఏదో ఒకటి 10 తీసుకుంటే మొత్తం 46తో సరిపోతుంది. డాక్టరు నర్సుల కంప్యూటర్‌లో లాగిన్ అయినా చిక్కు లేదు, అక్కడ రెండు వైపులా లైసెన్సు ఉన్నట్టే.

చిక్కు వచ్చేది దానికి ఎదురు దిశలో. రాత్రి డ్యూటీలో ఒక నర్సు డాక్టరుగారి ల్యాప్‌టాప్ తీసుకొని రోగి వివరాలు నమోదు చేస్తే, ఆ నర్సుకూ యూజర్ లైసెన్సు లేదు, ఆ ల్యాప్‌టాప్‌కూ డివైస్ లైసెన్సు లేదు. బిల్లింగ్ అమ్మాయి ఆదివారం ఇంటి కంప్యూటర్ నుంచి లాగిన్ అయితే అదీ అంతే. కాబట్టి ఆ పదిమందిలో ఇంటి నుంచి పనిచేసేవారిని ముందే గుర్తించి వారికి యూజర్ రకం ఇవ్వాలి, సంఖ్య మారదు. కలిపి కొనే పద్ధతిలో ఆదా ఎంతో, జాబితా నిర్వహణలో శ్రద్ధ అంత కావాలి. ఎవరు ఏ వర్గంలో ఉన్నారో రాసిపెట్టే మనిషి లేని ఆసుపత్రికి 60 డివైస్ లైసెన్సులే క్షేమం.

వచ్చే ఏడాది రెండో షిఫ్టు మొదలుపెడతాం. ఇప్పుడే దాన్ని లెక్కలో పెట్టాలా?

పెట్టాలి. రుషికొండలో 50 సీట్లతో 50 మంది పనిచేసే కాల్ సెంటర్‌కు ఇవాళ రెండు పద్ధతుల్లోనూ 50 లైసెన్సులే కావాలి. అవే సీట్లలో రాత్రి షిఫ్టుకు మరో 50 మంది వస్తే డివైస్ పద్ధతిలో అదనపు ఖర్చు ఉండదు, యూజర్ పద్ధతిలో మరో 50 కొనాలి. అదే సంస్థ రెండో షిఫ్టుకు బదులు అందరికీ ల్యాప్‌టాప్‌లిచ్చి సీట్లు అలాగే ఉంచితే ఫలితం పూర్తిగా తిరగబడుతుంది. ఈ రెండింట్లో ఏది జరగబోతోందో సిస్టమ్స్ విభాగానికి తెలియకపోవచ్చు, యాజమాన్యాన్ని అడగాలి.

అప్రెంటిస్‌లు, కాంట్రాక్టు వాళ్లు, ఆడిటర్ దగ్గరి కుర్రాళ్లు కూడా లెక్కలోకి వస్తారా?

మీ తరఫున మీ సర్వర్‌ను వాడే ప్రతి ఒక్కరూ వస్తారు. జీతం ఎవరి నుంచి వస్తోందన్నది ఇక్కడ ప్రధానం కాదు. మార్చి నెలాఖరులో ఆడిటర్ ఆఫీసు నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చి మీ సిస్టమ్‌ల ముందే కూర్చుంటే, ఆ సిస్టమ్‌లకు డివైస్ లైసెన్సు ఉన్నట్లయితే అదనంగా ఏమీ అక్కర్లేదు. తమ ల్యాప్‌టాప్‌లు తెచ్చుకొని మీ నెట్‌వర్క్‌లో కలిపితే లైసెన్సు కావాలి. సెలవులో ఉన్న ఉద్యోగి స్థానంలో వచ్చిన తాత్కాలిక ఉద్యోగికి ఆ యూజర్ క్యాల్‌ను ఆ కొద్దికాలం మేరకు బదిలీ చేయడానికి మైక్రోసాఫ్ట్ నిబంధనలు ఒప్పుకుంటాయి.

మీ కస్టమర్లు, డీలర్లు లాగిన్ అయ్యే పోర్టల్ మీ విండోస్ సర్వర్ మీద నడుస్తుంటే, ఒక్కొక్కరికి క్యాల్ కొనే బదులు ఆ సర్వర్‌కు ఎక్స్‌టర్నల్ కనెక్టర్ అనే లైసెన్సు తీసుకొనే వీలుంది. అది బయటివారికే వర్తిస్తుంది, కాంట్రాక్టు సిబ్బందిని ఆ ఖాతాలో వేయడం కుదరదు.

## ఆర్డరు పెట్టేటప్పుడు

అనకాపల్లి, గాజువాక బ్రాంచీల నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో హెడ్డాఫీసు ట్యాలీ వాడతాం. ఎన్ని రకాల లైసెన్సులు కావాలి?

నాలుగు: విండోస్ సర్వర్, దానికి క్యాల్, దానిపైన రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్, అనేకులు వాడే ట్యాలీ. సర్వర్ క్యాల్ ఉన్నంత మాత్రాన రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ ఉన్నట్టు కాదు. ఎక్కువ ఆఫీసులు పొరబడేది ఇక్కడే. సర్వర్ నిర్వహణ కోసం లైసెన్సు లేకుండా ఇచ్చే రెండు కనెక్షన్లు సిస్టమ్స్ నిర్వాహకుడి పనికే గాని, బ్రాంచి అకౌంటెంటు ఓచర్లు ఎక్కించడానికి కాదు.

మామూలు సర్వర్ క్యాల్ లేకపోయినా సర్వర్ ఆపదు గాని, రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ లేకపోతే ఆపుతుంది. ఆ సేవ పెట్టిన తర్వాత 120 రోజులు మాత్రం లైసెన్సు లేకుండానే నడుస్తుంది. నాలుగు నెలలు సజావుగా సాగి, ఒక ఉదయం హఠాత్తుగా ఏ బ్రాంచికీ కనెక్షన్ రాకపోతే మొదట అనుమానించవలసింది ఆ గడువునే. ఇంటర్‌నెట్ కేబుల్ వాళ్లను పిలిచేది ఆ తర్వాత.

రకం ఎంచుకొనే ముందు మీ నెట్‌వర్క్‌లో యాక్టివ్ డైరెక్టరీ డొమైన్, అంటే అందరి లాగిన్లనూ ఒకే చోట నుంచి నిర్వహించే ఏర్పాటు, ఉందో లేదో చూడండి. యూజర్ రకం రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ డొమైన్ ఉంటేనే సరిగా పనిచేస్తుంది. 2019 వెర్షన్ సర్వర్‌ను డొమైన్ లేకుండా వర్క్‌గ్రూపులో పెట్టి యూజర్ రకం ఎంచుకుంటే ప్రతి కనెక్షనూ గంటకోసారి తెగిపోతుంది. డొమైన్ లేని చిన్న ఆఫీసు డివైస్ రకమే తీసుకోవాలి. ఆ రకంలో కొత్త యంత్రం మొదటిసారి కలిసినప్పుడు తాత్కాలిక లైసెన్సు, మళ్లీ కలిసినప్పుడు అసలు లైసెన్సు దానంతటదే జారీ అవుతాయి. ఆ యంత్రం తిరిగి రాకపోతే 52 నుంచి 89 రోజుల మధ్య అది విడుదలై మరో యంత్రానికి అందుతుంది. అంతవరకు ఆగలేనప్పుడు నిర్వాహకుడు చేత్తో రద్దు చేయవచ్చు, కాని మొత్తంలో 20 శాతం వరకే. కాబట్టి ఒకసారి చూద్దామని ప్రతి ఉద్యోగి ఇంటి కంప్యూటర్ నుంచీ కనెక్ట్ అవనిస్తే పది లైసెన్సులు రెండు రోజుల్లో అయిపోతాయి.

మధ్యలో ఒక వెబ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, అది ఒకే లాగిన్‌తో సర్వర్‌కు కలిసేలా చేస్తే ఒక లైసెన్సుతో పోతుంది కదా?

పోదు. దీన్ని మల్టీప్లెక్సింగ్ అంటారు. మధ్యలో ఎన్ని పొరలు పెట్టినా, ఆ చివర ఉన్న మనుషులనో యంత్రాలనో లెక్కించాలని మైక్రోసాఫ్ట్ నిబంధనల్లో రాసే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయంలో ఆ చివర ఎందరున్నారో లెక్కపెట్టలేని స్థితి ఉంటే కోర్ల లెక్కన కొనడం దారి. అప్పుడు దానికి క్యాల్ అవసరమే ఉండదు.

కౌంటర్‌లో ఒకే సిస్టమ్‌ను ఆరుగురు వాడతారు. ఆరుగురికీ మైక్రోసాఫ్ట్ 365 కొనాలా?

వర్డ్, ఎక్సెల్ కోసం మాత్రమే అయితే కొనవలసిన పని లేదు. ఒక యంత్రానికి ఒకసారి డబ్బు కట్టి కొనే ఆఫీస్ వెర్షన్ వేస్తే ఆ యంత్రం ముందు కూర్చున్న ఎవరైనా వాడుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365 ఇందుకు విరుద్ధం: ఆఫీస్ ప్రోగ్రాములు ఉండే ప్లాన్లలో ఒక మనిషికి ఐదు కంప్యూటర్లు, ఐదు ట్యాబ్‌లు, ఐదు ఫోన్ల వరకు వీలుంటుంది గాని, ఒక కంప్యూటర్‌ను ఆరుగురు పంచుకోవాలంటే ఆరుగురికీ సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. దానికి తోడు షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ అనే సౌకర్యం కూడా కావాలి. అది బిజినెస్ ప్రీమియంలో ఉంది, బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు. ఆరుగురికీ విడి మెయిల్ కావాలి, ఎక్సెల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటే చాలు అనుకుంటే తక్కువ ధర ప్లాన్లు చూడండి.

సర్వర్ 2022 కొంటున్నాం. పాత 2019 క్యాల్‌లు పనికిరావా?

2022 సర్వర్‌కు పనికిరావు. కొత్త వెర్షన్ క్యాల్ పాత సర్వర్లకు చెల్లుతుంది, పాత క్యాల్ కొత్త సర్వర్‌కు చెల్లదు. లైసెన్సుతోపాటు విడిగా డబ్బు కట్టి తీసుకొనే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్సు ఒప్పందం ఉన్నవారికి మాత్రం కొత్త వెర్షన్ హక్కు వస్తుంది. సర్వర్ మారుస్తున్న సమయమే యూజర్, డివైస్ నిర్ణయాన్ని మొదటినుంచి ఆలోచించుకోవడానికి అనువైనది, ఎలాగూ కొత్తవి కొనక తప్పదు.

ఏదైనా ఒకటే, తర్వాత చూసుకుందాం అంటున్నాడు డీలర్. బిల్లులో ఏమేం ఉండాలి?

ఉత్పత్తి పూర్తి పేరు, వెర్షన్, యూజర్ లేదా డివైస్ అన్న మాట, సంఖ్య, మీ సంస్థ పేరు, జీఎస్టీ నంబరు. "సర్వర్ లైసెన్స్ సెట్, 1" అని ఒక్క వరుసలో రాసిన బిల్లు తనిఖీలో ఎందుకూ కొరగాదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలు పద్ధతిలో రిజిస్టరైన సంస్థ దాన్ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఆ వీలు లేదు. రెండు డీలర్ల ధరలు పోల్చేటప్పుడు పన్నుతో కలిపి ఒకరు, కలపకుండా ఒకరు చెప్పారేమో చూసుకోండి.

ఆన్‌లైన్‌లో అసలు ధరలో పదో వంతుకు దొరికే కీ పనిచేయవచ్చు. యాక్టివేట్ కావడం వేరు, హక్కు ఉండడం వేరు. బిల్లు, లైసెన్సు పత్రం ఇవ్వని చోట కొన్నది హక్కు కాదు, కొన్ని అక్షరాలు మాత్రమే.

## వాడుకలోకి వచ్చాక

ఉద్యోగి మానేశాడు, లేదా సిస్టమ్ కాలిపోయింది. ఆ లైసెన్సు పోయినట్టేనా?

పోదు. మానేసినవారి యూజర్ క్యాల్‌ను కొత్తవారికి, మూలపడిన యంత్రం డివైస్ క్యాల్‌ను దాని స్థానంలో వచ్చిన యంత్రానికి మార్చవచ్చు. సాధారణంగా మైక్రోసాఫ్ట్ లైసెన్సులను 90 రోజులకోసారి మించి బదిలీ చేయకూడదు, యంత్రం శాశ్వతంగా పాడైనప్పుడు ఆ గడువు అడ్డు రాదు. కాని కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం విండోస్ సంగతి వేరు, అది ఆ కంప్యూటర్‌తోనే పుట్టి దానితోనే పోతుంది.

యూజర్ క్యాల్‌లు కొన్నాక డివైస్‌కు మార్చుకోవచ్చా?

మామూలుగా మార్చలేరు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్సుతో కొన్నవారికి ఆ ఒప్పందాన్ని రెన్యువల్ చేసే సమయంలో మాత్రం ఆ అవకాశం ఉంటుంది.

ఒకే లాగిన్‌ను ముగ్గురు వాడుకుంటే ఎవరికి తెలుస్తుంది?

మొదట మీ ఆడిటర్‌కు తెలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదని నిబంధన వచ్చింది. ముగ్గురూ ఒకే పేరుతో లాగిన్ అయితే ఆ లాగ్‌లో ఒకే పేరు కనిపిస్తుంది, ఓచరు ఎవరు దిద్దారన్నది తేలదు. లైసెన్సు కోణంలో యూజర్ అంటే లాగిన్ పేరు కాదు, రక్తమాంసాలున్న మనిషి. లాగిన్ ఒకటైనా లైసెన్సులు మూడు కావాలి. డబ్బు ఆదా చేయదలిస్తే ఆ సిస్టమ్‌కు డివైస్ లైసెన్సు కొని ముగ్గురికీ విడివిడి లాగిన్లు ఇవ్వండి. డివైస్ లైసెన్సు ఉన్నంత మాత్రాన అందరూ ఒకే లాగిన్ వాడాలని ఎక్కడా లేదు.

ఎవరికి ఏది ఇచ్చామో ఎలా రాసిపెట్టాలి?

ఒక ఎక్సెల్ షీటు చాలు: లైసెన్సు రకం, బిల్లు నంబరు, తేదీ, మనిషి పేరు లేదా యంత్రం సీరియల్ నంబరు, బదిలీ చేసిన తేదీ. యూజర్ జాబితాను జీతాలు చూసే విభాగంతోను, డివైస్ జాబితాను ఆస్తుల రిజిస్టరుతోను మూడు నెలలకోసారి సరిపోల్చాలి. ఆ షీటు, బిల్లులు, లైసెన్సు పత్రాల నకళ్లు ఆఫీసులోని కంప్యూటర్‌లోనే కాక బయట మరో చోట కూడా ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. తడిసిన సిస్టమ్‌ల స్థానంలో కొత్తవి పెట్టేటప్పుడు ఏ లైసెన్సు దేనిదో చెప్పగలిగేది కాగితమే.

లైసెన్సుల వివరాలు పంపమని ఉత్తరం వచ్చింది. ఏం చేయాలి?

ముందుగా అది నిజంగా ఆ కంపెనీ నుంచి గాని, దాని అధికృత ప్రతినిధి నుంచి గాని వచ్చిందా అని నిర్ధారించుకోండి. ఆ పేరుతో అమ్మకాల ఫోన్లు కూడా వస్తుంటాయి. నిజమైనదే అయితే గడువులోగా జవాబివ్వాలి. ఉత్తరం చూడగానే సాఫ్ట్‌వేర్‌ను తొలగించడం, ఆ తేదీ తర్వాత కొన్న లైసెన్సులను పాతవిగా చూపడం పరిస్థితిని ఇంకా చెడగొడతాయి. మీ జాబితా, బిల్లులు దగ్గర పెట్టుకొని, లోటు ఎంత ఉందో ముందు మీరే లెక్క తేల్చుకోండి.

క్యాల్‌ల కొరత సాధారణంగా కొరతను కొని పూడ్చడంతో ముగిసే ఒప్పంద విషయం. దొంగ కాపీ సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవారికి 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అటువంటి సందేహం ఉన్నప్పుడు జవాబు రాసే ముందు లాయరును కలవడం తప్పనిసరి.

సర్వర్‌నే తీసేసి అంతా క్లౌడ్‌కు మార్చేస్తే ఈ గొడవ ఉండదు కదా?

ఎంపిక గొడవ పోతుంది, ఖర్చు తగ్గుతుందని చెప్పలేము. క్లౌడ్ సేవలు చాలావరకు మనిషి లెక్కనే ఉంటాయి కాబట్టి, తిరిగే సిబ్బంది ఉన్న షిప్పింగ్ ఏజెన్సీకి అవి అతికినట్టు సరిపోతాయి. 23 యంత్రాలతో 60 మంది పనిచేసే ఫ్యాక్టరీ మాత్రం 60 సబ్‌స్క్రిప్షన్లు కట్టవలసి వస్తుంది. కనీసం మూడేళ్ల మొత్తం ఖర్చు వేసి చూడండి. షాప్ ఫ్లోర్ వరకు పాత సర్వర్ పద్ధతినే ఉంచి, ఆఫీసు సిబ్బందిని క్లౌడ్‌కు పంపడం చాలా యూనిట్లకు నప్పుతుంది.

మారేటప్పుడు ఒప్పంద కాలం చూడండి. మైక్రోసాఫ్ట్ 365ను ఏడాది ఒప్పందం మీద తీసుకుంటే మొదటి 7 రోజుల తర్వాత ఆ ఏడాదిలో సంఖ్య పెంచుకోవచ్చు గాని తగ్గించలేరు. నెలవారీ ఒప్పందం ధర ఎక్కువ, కాని ఏ నెలకా నెల తగ్గించుకోవచ్చు. స్థిరంగా ఉండే సిబ్బందికి ఏడాది పద్ధతి, సీజన్‌లో వచ్చి పోయే కాంట్రాక్టు సిబ్బందికి నెలవారీ పద్ధతి తీసుకొని రెండింటినీ ఒకే ఖాతాలో నడపవచ్చు.